కారు తుక్కయినా లెక్క తుక్కవకూడదు

ఆయుష్షు తీరిన వాహనాలను విప్పే యార్డుల్లో ట్యాగులు, స్కానర్లు, డిజిటల్ రికార్డులు ఎలా వాడాలంటూ పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. ఒకే తరహా ఉత్తరాలను ఒక్క ప్రశ్నగా కలిపేశాం.

ప్రశ్న: మా యార్డులో రోజుకు పది, పన్నెండు కార్లు విప్పుతాం. కారుకొక ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్ (రేడియో తరంగాలతో దూరం నుంచే చదవగల గుర్తింపు చీటీ) తగిలిస్తే మొత్తం జాడ తెలిసిపోతుందని ఒక కంపెనీవాళ్లు చెబుతున్నారు. నిజమేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కారుకొక ట్యాగ్ ఉంటే కారు ఎక్కడుందో తెలుస్తుంది. మీకు కావలసింది అది కాదండీ. కారులోంచి ఏమేం బయటికొచ్చాయి, ఎంతెంత వచ్చాయి, ఎటు పోయాయి అన్నది కావాలి.

గేటు దాటి లోపలికొచ్చేటప్పుడు కారు ఒకటే వస్తువు. దానికి 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఉంటుంది. బయటికి పోయేటప్పుడు అది ఇరవై ముప్పై రకాల సరుకు: ఇంజిన్ ఆయిల్, కూలెంట్, బ్యాటరీ, టైర్లు, పొగ శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్, వైరింగ్, అమ్ముడుపోయే తలుపులు, చివరికి ఒట్టి డొల్ల. డొల్లలను ముక్కలు చేసే ష్రెడ్డర్‌లో పడ్డాక పిడికిలంత ముక్క ఏ కారుదో ఎవరూ చెప్పలేరు. కాబట్టి జాడ పట్టే పని ఏం చేసినా గేటుకూ, డొల్లను అదిమే ప్రెస్సుకూ మధ్యనే జరగాలి. శ్రమా, డబ్బూ అక్కడే పెట్టండి.

నంబర్లు మూడు అంచెల్లో ఉండాలి. కారుకొకటి. కారు నుంచి విడిపోయి సొంతంగా అమ్ముడుపోయే లేదా ప్రత్యేకంగా అప్పగించాల్సిన ప్రతి పార్టుకూ ఒకటి. కలిసిపోయే సరుకుకు లోడు నంబరు ఒకటి. ఆయిల్‌కు ట్యాగ్ కట్టలేం, డ్రమ్ముకు కట్టగలం. ఏ కారు నుంచి ఎన్ని లీటర్లు ఏ డ్రమ్ములో పడ్డాయో రాసి ఉంటే చాలు. ఆయిల్‌లో కూలెంట్ కలిసిందని కొనుగోలుదారు డ్రమ్ము వెనక్కి పంపిన రోజున, అది ఏ రోజు, ఏ బే (విప్పే చోటు) దగ్గర జరిగిందో రెండు నిమిషాల్లో తేలుతుంది.

మొదటి రెండు మూడు నెలలు ఆర్‌ఎఫ్‌ఐడీ జోలికి పోకండి. క్యూఆర్ స్టిక్కర్లు, రెండు మూడు ఫోన్లు, సరైన కాటాలు చాలు. పని ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ స్కాన్ చేయడం మరిచిపోతున్నారో ఆ నెలల్లోనే బయటపడుతుంది. ఖరీదైన రీడర్ ఎక్కడ పెట్టాలన్నది అప్పుడు తేల్చుకోవచ్చు.

గేటు దగ్గర మాత్రం మొదటిరోజు నుంచే గట్టిగా ఉండాలి. ఛాసిస్ నంబరు రెండు చోట్ల చదవండి: విండ్‌స్క్రీన్ మూల కనిపించే ప్లేటు మీద, బాడీ మీద గుద్దిన చోట. రెండూ కలవకపోతే బండిని పక్కన పెట్టాలి. ఈ నంబరులో ఇంగ్లిష్ ఐ, ఓ, క్యూ అక్షరాలు రావు. 1, 0 అంకెలతో పొరబడకుండా వాటిని వాడుక నుంచి తీసేశారు. కాబట్టి మీ ఎంట్రీ పెట్టె ఆ మూడింటినీ అసలు తీసుకోకూడదు. ఉత్తర అమెరికా మార్కెట్ బళ్లలో తొమ్మిదో స్థానంలో తనిఖీ అంకె ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ లెక్క పెట్టారో లేదో తెలుసుకోవడానికి ఒక కిటుకుంది. 17 ఒకట్లు కొట్టండి. ఒప్పుకోవాలి, ఎందుకంటే స్థానాల విలువలన్నీ కూడితే 89, దాన్ని 11తో భాగిస్తే శేషం 1, తనిఖీ అంకె కూడా అదే. వాటిలో ఏదో ఒక ఒకటిని 2గా మార్చి కొడితే ఒప్పుకోకూడదు. అయితే చాలా దేశాల బళ్లకు ఈ తనిఖీ అంకె ఉండదు. అందరికీ ఇదే నిబంధన పెడితే సరైన నంబర్లు కూడా తిరగ్గొడుతుంది, గేటు దగ్గరి కుర్రాడు విసిగిపోయి ఏదో ఒకటి కొట్టి బండిని లోపలికి పంపేస్తాడు.

ప్రశ్న: అట్టపెట్టె మీద అంటించినప్పుడు ఐదారు మీటర్ల నుంచి చదివిన ట్యాగ్, కారు బాడీ మీద అంటిస్తే అర మీటరు నుంచి కూడా పలకడం లేదు. మాకు నాసిరకం అంటగట్టారా?

జవాబు: నాసిరకం కాదు, చోటు తప్పు. ఈ ట్యాగుల్లో బ్యాటరీ ఉండదు. రీడర్ పంపే 860–960 మెగాహెర్ట్జ్ తరంగం నుంచే కరెంటు తీసుకుని బదులు పలుకుతాయి. ఇనుప రేకు ఆ తరంగాన్ని తిప్పికొడుతుంది. వచ్చే తరంగం, తిరిగి వెళ్లే తరంగం రేకు ఉపరితలం దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అక్కడ విద్యుత్ క్షేత్రం దాదాపు సున్నా. దానికి తోడు రేకు పక్కన యాంటెనా శ్రుతి కూడా తప్పుతుంది. కాగితం ట్యాగ్‌ను నేరుగా రేకు మీద అంటిస్తే దానికి తిండి లేనట్టే.

లోహం మీద వాడేందుకే చేసిన ట్యాగులు వేరే ఉన్నాయి. వాటి అడుగున కొన్ని మిల్లీమీటర్ల ఫోమ్, ప్లాస్టిక్ లేదా సిరామిక్ పొర ఉంటుంది. కారు డొల్లకు అవే వాడండి. అమ్మే పార్టులకైతే కేబుల్ టైతో వేలాడే ట్యాగ్ సరిపోతుంది, రేకుకు అతుక్కోకుండా నాలుగైదు సెంటీమీటర్లు ఎడంగా ఉంటే చాలు.

జిగురును నమ్మొద్దు. ఆయిల్, దుమ్ము, పాత పాలిష్ మీద అది వారంలో ఊడుతుంది. పాప్ రివెట్ కొట్టండి. ఇక చోటు విషయం: బానెట్, తలుపులు, విండ్‌స్క్రీన్ ముందే ఊడిపోతాయి కాబట్టి వాటి మీద పెట్టడం దండగ. ముందు వెనక తలుపుల మధ్య ఉండే బి పిల్లర్ కింది భాగం మంచిది, అది చివరిదాకా డొల్లతోనే ఉంటుంది. ఫోర్క్‌లిఫ్ట్ కత్తులు దూరే వైపు కాకుండా రెండో వైపు బిగించండి.

ఇంకొకటి, దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. పైకప్పు మీదా, ఒక పక్కా జానెడు ఎత్తు అంకెలతో స్ప్రే పెయింట్ నంబరు కూడా వేయండి. డొల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చాక, రీడర్ చార్జింగ్ అయిపోయాక, వానలో, ఆ పెయింటే ఆదుకుంటుంది.

ప్రశ్న: డిస్పాచ్ గేటులో పెట్టిన రీడర్ బయటికి వెళ్లే పార్టులతో పాటు పక్క ర్యాకులో ఉన్నవాటిని కూడా ‘వెళ్లిపోయాయి’ అని రాసేస్తోంది.

జవాబు: పవర్ తగ్గించండి. చాలా రీడర్లు 30 డీబీఎం, అంటే 1 వాట్ దగ్గర పెట్టి ఇస్తారు. 20 డీబీఎంకు దించితే 0.1 వాట్ అవుతుంది, చదివే దూరం సుమారు మూడో వంతుకు పడిపోతుంది. యాంటెనాలను ర్యాకుల వైపు కాకుండా పైనుంచి కిందికి తిప్పండి. అప్పటికీ ఆగకపోతే, గేటు రీడింగ్ ఒక్కటే చూసి సరుకును స్టాకులోంచి తీసెయ్యకుండా సాఫ్ట్‌వేర్‌లో షరతు పెట్టించండి: డెలివరీ చీటీలో పేరున్న పార్టు అయితేనే ‘వెళ్లింది’ అని రాయాలి.

ప్రశ్న: స్కానర్లు కొన్నాం, శిక్షణ ఇచ్చాం. రిపోర్టులు చక్కగా వస్తున్నాయి. కానీ గోదాములో ఉన్న సరుకుకూ రిపోర్టుకూ పొంతన లేదు. లోపం ఎక్కడ?

జవాబు: రిపోర్టు చక్కగా ఉండటమే అనుమానించాల్సిన విషయం. స్కాన్ల సమయాలు బయటికి తీసి చూడండి. షిఫ్టు ముగిసే ముందు ఆరేడు నిమిషాల్లో నలభై స్కాన్లు కనిపిస్తే, పొద్దంతా పని చేసి సాయంత్రం స్టిక్కర్లన్నీ ఒకచోట పెట్టి టకటకా కొట్టేశారన్నమాట. వాళ్లను తిట్టి లాభం లేదు. చేతికి గ్రీజు గ్లోవ్స్, కింద నూనె, ఫోన్ తెర పలకదు. స్కాన్ చేస్తే వాళ్లకు ఒరిగేదేమీ లేదు, చేయకపోతే ఆగేదీ ఏమీ లేదు.

ఆగేలా చేయాలి. కారు కోడ్ స్కాన్ అయితేనే ఫ్యుయెల్ తోడే పంపు స్టార్టవ్వాలి. కాటా మీద పార్టు పెట్టి, కారు కోడ్ చూపిస్తేనే లేబుల్ ప్రింటవ్వాలి. లేబుల్ లేని పార్టును గోదాములోకి తీసుకోకూడదు. అప్పుడు స్కానింగ్ అనేది అదనపు పని కాదు, పనిలోనే కలిసిపోతుంది. చేత్తో పట్టుకునే స్కానర్ కంటే బే దగ్గర స్టాండుకు బిగించినది మేలు. కోడ్‌ను దాని ముందుకు తెస్తే చాలు, మీట నొక్కక్కర్లేదు. స్టిక్కర్ మీద క్యూఆర్ కోడ్‌ను ‘హెచ్’ స్థాయి దోష సవరణతో ప్రింట్ చేయించండి. కోడ్‌లో సుమారు 30 శాతం చెడినా చదవగలదు. నూనె మరక పడే చోట ఈ తేడా తెలుస్తుంది.

ఏసీ గ్యాస్ కాలమ్ కూడా ఒకసారి చూడండి. పాత కార్లలో గ్యాస్ కొంత కారిపోయి ఉండటం మామూలే. కానీ వరుసగా పదిహేను కార్లకు ‘సున్నా గ్రాములు’ అని ఉంటే ఎవరో పైపు కోసేసి గాలిలోకి వదిలేశారనే అనుకోవాలి. చాలా కార్లలో నిండుగా ఉన్నప్పుడు 400 నుంచి 700 గ్రాముల గ్యాస్ ఉంటుంది. అది ఆర్134ఏ రకమైతే, భూమిని వేడెక్కించడంలో దాని బలం కార్బన్ డయాక్సైడ్‌కు 1,430 రెట్లు. అర కిలో వదిలేస్తే 715 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. గ్యాస్ తోడే యంత్రంలోనే తూకం ఉంటుంది. ఆ అంకె నేరుగా రికార్డులోకి వెళ్లాలి, మనిషి టైప్ చేయకూడదు.

ప్రశ్న: మా యార్డు రీసైక్లింగ్ శాతం ఒక ఆడిటర్ లెక్కలో 70, మరొకరి లెక్కలో 77 వచ్చింది. కార్లు అవే, సరుకూ అదే. ఎవరు కరెక్టు?

జవాబు: పైన వేసిన అంకె ఇద్దరిదీ ఒకటే అయివుంటుంది, కింద వేసిన అంకెలో తేడా. అంటే కారు బరువులో.

యూరప్ తరహా రిజిస్ట్రేషన్ పత్రాల్లో రాసే ‘నడిచే స్థితిలో బరువు’లో 75 కిలోల డ్రైవరు, ట్యాంకులో ఇంధనం కూడా కలిసి ఉంటాయి. తుక్కుకు వచ్చిన కారులో ఆ రెండూ ఉండవు కదా. అందుకే యూరోపియన్ యూనియన్ 2005లో లెక్క ఖరారు చేసినప్పుడు, పత్రంలోని బరువు నుంచి డ్రైవరుకు 75 కిలోలు, ఇంధనానికి 40 కిలోలు తీసేయమంది. తీయకపోతే మీ శాతం ఊరికే పడిపోతుంది.

ఒక ఊహా కారుతో చేసి చూద్దాం. పత్రంలో 1,215 కిలోలు. 75, 40 తీసేస్తే 1,100. విప్పిన తర్వాత తూకాలు ఇలా వచ్చాయనుకోండి: తిరిగి వాడే పార్టులు 96, బ్యాటరీ 14, టైర్లు 34, ఆయిల్ వగైరా ద్రవాలు 13, కన్వర్టర్ 5, అద్దాలు, బంపర్లు 38, డొల్ల 890. మొత్తం 1,090. పది కిలోలు తేలలేదు, ఒక శాతం లోపే. ఫరవాలేదు. అదే అరవై కిలోలు తేలకపోతే మాత్రం ఏదో వెళ్లిపోయింది, లేదా కారు వచ్చేటప్పుడే చక్రాలో మరొకటో లేకుండా వచ్చింది. అందుకే గేటు దగ్గరే ‘వచ్చినప్పుడు లేనివి’ అని ఒక గడి ఉండాలి. అది ఖాళీగా ఉంటే తర్వాత తప్పంతా మీ మనుషుల మీదికి వస్తుంది.

ఇప్పుడు డొల్ల సంగతి. ష్రెడ్డర్ ట్రయల్‌లో 72 శాతం ఉక్కు, 5 శాతం ఇతర లోహాలు, 23 శాతం వ్యర్థం వచ్చాయనుకుంటే, 890 కిలోల నుంచి లోహం 685 కిలోలు. టైర్లను సిమెంట్ బట్టీలో కాల్చారంటే అది ఇంధనంగా వాడటమే, రీసైక్లింగ్‌లోకి రాదు. సులువు కోసం విప్పిన మిగతా సరుకంతా రీసైకిల్ అయిందనుకుందాం. అప్పుడు 166, 685 కలిపి 851 కిలోలు. 1,100తో భాగిస్తే 77 శాతం. 1,215తో భాగిస్తే 70. మీ ఇద్దరు ఆడిటర్ల కథ ఇదే కావచ్చు. పత్రం ఆ తరహాదైతే 77 చెప్పినవారిది సరైన పద్ధతి.

యూరప్ 2015 నుంచి పెట్టుకున్న లక్ష్యం తిరిగి వాడకం, రీసైక్లింగ్ కలిపి 85 శాతం, ఇంధనంగా కాల్చింది కూడా కలిపితే 95. ఈ ఊహా కారు 85ను అందుకోవాలంటే మరో 84 కిలోలు కావాలి. టైర్లను కాల్చకుండా రీసైక్లింగ్‌కు పంపితే 34 వస్తాయి. మిగతా 50 ష్రెడ్డర్ వ్యర్థంలోంచి రాబట్టాలి, లేదా ప్లాస్టిక్, అద్దాలు ముందే ఎక్కువగా విప్పాలి. ఏ పార్టు విప్పితే ఎన్ని కిలోలు కలిసొస్తాయో మీ రికార్డే చెబుతుంది. రికార్డు అసలు ప్రయోజనం అదే, ఆడిటర్‌కు చూపించడం కాదు.

ష్రెడ్డర్ ట్రయల్ ఎలా చేస్తారో కూడా చెప్పాలి. లైను పూర్తిగా ఖాళీ చేస్తారు. ఒక్కో డొల్లనూ తూచి, నంబరు రాసుకుని, ఆ బ్యాచ్ ఒక్కటే నడుపుతారు. ఉక్కు, ఇతర లోహాలు, తేలిక వ్యర్థం, బరువు వ్యర్థం వేర్వేరు గుంతల్లో పట్టి తూస్తారు. లోపలికి వెళ్లినదానికన్నా బయటికి వచ్చింది ఎక్కువ తూగితే కంగారు పడకండి. దుమ్ము లేవకుండా కొట్టిన నీరు వ్యర్థంలో ఇంకిపోయి ఉంటుంది. నమూనా తీసి 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆరబెట్టి, తడి ఎంతో తేల్చి తీసేయాలి.

కాటాల గురించి ఒక మాట. 20 కిలోల గీతతో తూచే లారీ కాటా మీద 14 కిలోల బ్యాటరీ తూస్తే అవి కాకి లెక్కలే. కారుకూ, డొల్లకూ లారీ కాటా. పార్టులకు అర కిలో గీత ఉన్న నేల కాటా. కన్వర్టర్ లాంటి వాటికి పది గ్రాముల గీత ఉన్న బల్ల కాటా. మూడూ కావాలి.

ప్రశ్న: మేం పంపే తుక్కులో రాగి ఎక్కువుందని ఉక్కు కర్మాగారం లోడు తిప్పి పంపుతోంది. దీనికి ట్రాకింగ్ ఏమైనా చేయగలదా?

జవాబు: చేయగలదు. నిజానికి ట్రాకింగ్ తన ఖర్చు తాను రాబట్టుకునేది ఇక్కడే.

కారు బాడీకి వాడే సన్నని, లోతుగా సాగే ఉక్కు రేకులో రాగి 0.06 శాతం మించకూడదని లెక్క. భవనాల కడ్డీలో 0.4 శాతం దాకా సర్దుకుపోతారు. కరిగిన ఉక్కులోంచి రాగిని మామూలు పద్ధతిలో తీయలేరు, ఆక్సిజన్ ఊదితే రాగికన్నా ముందు ఇనుమే కాలిపోతుంది. ఉండిపోయిన రాగి ఉక్కును వేడిగా సాగదీసేటప్పుడు ఉపరితలాన్ని పగలగొడుతుంది. ఇప్పుడు లెక్క చూడండి. కారు నుంచి వచ్చే 700 కిలోల ఉక్కులో 0.06 శాతం అంటే 420 గ్రాములు. ఒక మూర వైరింగ్ కట్ట, డ్యాష్‌బోర్డు లోపల మరిచిపోయిన ఒకటి రెండు మోటార్లు చాలు, గీత దాటడానికి. ష్రెడ్డర్‌లో మోటారు ముక్కకు ఇనుప కవచం ఉంటుంది కాబట్టి అయస్కాంతం దాన్ని ఉక్కు వైపే లాగేస్తుంది, లోపలి రాగి చుట్టతో సహా.

ప్రతి కారు నుంచి తీసిన వైరింగ్, మోటార్ల బరువు మోడల్ వారీగా రాయండి. ఒక మోడల్‌కు ఇరవై ముప్పై కార్లయ్యాక సగటు తేలుతుంది. సగటు 16 కిలోలు ఉన్న మోడల్‌లో ఈరోజు 9 కిలోలే వస్తే మిగతాది డొల్లలోనే ఉంది. ఆ డొల్లను ప్రెస్సుకు పంపకుండా సాఫ్ట్‌వేరే ఆపాలి. మరిచిపోయేవి దాదాపు ఎప్పుడూ అవే: బ్లోయర్ మోటారు, రేడియేటర్ ఫ్యాన్, వైపర్ మోటారు, సీటు కింద మోటార్లు, వెనక డిక్కీ వైపు వెళ్లే వైరింగ్ తోక.

ప్రెస్సులో పడే ముందు డొల్ల ట్యాగ్‌ను చివరిసారి చదివి, దాన్ని ఆ లోడు నంబరు కిందికి చేర్చండి. ప్రెస్సయ్యాక ట్యాగ్ లోపల పూడిపోతుంది, ఇక చదవదు. కర్మాగారం ఫిర్యాదు చేసిన లోడులో ఏ ఇరవై డొల్లలు ఉన్నాయో అప్పుడే చెప్పగలరు.

ప్రశ్న: విప్పిన కారులో ఎయిర్‌బ్యాగులు కొత్తవాటిలా ఉన్నాయి. ట్యాగ్ వేసి అమ్మవచ్చా?

జవాబు: వద్దు. యూరప్‌లో ఎయిర్‌బ్యాగులు, సీటుబెల్టులు, స్టీరింగ్ తాళం, పొగ శుద్ధి చేసే పరికరాలు కొత్త వాహనాల తయారీలో తిరిగి వాడకూడని జాబితాలో ఉన్నాయి. టకాటా అనే ఎయిర్‌బ్యాగుల కంపెనీ ఉదంతం తెలిసిందే. ఆ ఇన్‌ఫ్లేటర్లలోని అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ, తేమకూ చెడిపోయి, పేలినప్పుడు లోహపు తునకలు మనిషి మీదికి వచ్చాయి. ఒక్క అమెరికాలోనే సుమారు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లు వెనక్కి పిలిచారు. పైకి చూస్తే అవీ కొత్తవాటిలాగే ఉండేవి. ఛాసిస్ నంబరుతో ముడి తెగిన ఎయిర్‌బ్యాగ్ అలా వెనక్కి పిలిచిందో కాదో ఎవరికీ తెలియదు.

ఓబీడీ పోర్టు (కారు కంప్యూటర్లకు పరికరం తగిలించే సాకెట్) ద్వారా కారులోనే అన్నిటినీ ఒక వరుసలో పేల్చేసే పద్ధతికి ఐఎస్‌ఓ 26021 అనే ప్రమాణం ఉంది, దాన్ని పాటించే కార్లకు పని సులువు. రికార్డులో ‘ఎయిర్‌బ్యాగులు అయ్యాయి’ అని టిక్ పెట్టి వదలకండి. సీటుబెల్టు బిగించే మందు గుళికలతో సహా ఎన్ని ఉన్నాయి, ఎన్ని పేలాయి అని రెండంకెలు రాయించండి. ఎనిమిదికి ఏడే పేలితే మిగిలిన ఆ ఒక్కటీ కోసేవాడి ముఖం ముందు పేలవచ్చు.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కార్లు రావడం మొదలైంది. ‘బ్యాటరీ పాస్‌పోర్ట్’ వస్తే మా పని తగ్గుతుందా?

జవాబు: కాగితం పని తగ్గుతుంది, విప్పే పని తగ్గదు. యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి మార్కెట్లోకి వచ్చే ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీలకూ, 2 కిలోవాట్ అవర్లు దాటిన పారిశ్రామిక బ్యాటరీలకూ క్యూఆర్ కోడ్‌తో తెరుచుకునే డిజిటల్ పాస్‌పోర్ట్ ఉండాలి. కెమిస్ట్రీ ఏమిటి, ఎలా విప్పాలి వంటివి అందులో దొరుకుతాయి. బ్యాటరీని మరో పనికి మారిస్తే కొత్త పాస్‌పోర్ట్ ఇచ్చి పాతదానితో ముడిపెడతారు. రీసైకిల్ అయిపోతే పాస్‌పోర్ట్ కూడా ముగుస్తుంది. కానీ మీ యార్డుకు వచ్చే పాత కార్లకు ఇదేదీ ఉండదు, ఇంకా చాలా ఏళ్లు అంతే. రికార్డు మీరే పుట్టించాలి.

ఇక్కడ వరుస ముఖ్యం. చాలామంది అలవాటు కొద్దీ మొదట 12 వోల్టుల బ్యాటరీ తీసేస్తారు. అది పోతే పెద్ద బ్యాటరీ కంట్రోలర్ మాట్లాడదు. గుద్దుకున్న ఆనవాళ్లు, వేడి, వాసన లేవని చూసుకున్నాక, ముందు స్కాన్ టూల్ పెట్టి బ్యాటరీ ఆరోగ్య శాతం, అతి ఎక్కువ, అతి తక్కువ సెల్ వోల్టేజీలు, ఫాల్ట్ కోడ్‌లు, ప్యాక్ నంబరు తీసుకోండి. తర్వాత కారు ఆఫ్ చేసి, 12 వోల్టులు విప్పి, సర్వీస్ ప్లగ్ (పెద్ద బ్యాటరీ కరెంటు దారిని తెంచేది) లాగి, తయారీదారు చెప్పినంతసేపు, మామూలుగా ఐదు నుంచి పది నిమిషాలు ఆగండి. మీటరు పెట్టి 60 వోల్టుల లోపు ఉందని చూశాకే ముట్టుకోవాలి. ఈ పనికి శిక్షణ, ఇన్సులేటెడ్ గ్లోవ్స్ ఉన్నవారు తప్ప మరొకరు చేయకూడదు.

జాడ తెగేది ప్యాక్ తెరిచిన క్షణంలో. ఉదాహరణకు పన్నెండు మాడ్యూళ్లు (సెల్స్ కట్టలు) బయటికొస్తాయి, ప్యాక్ నంబరు మూత మీదే ఉండిపోతుంది. మూత తీసేలోపే పన్నెండు పిల్ల లేబుళ్లు ప్రింట్ చేసి పెట్టుకోండి. ఒక్కో లేబుల్ మీద తల్లి ప్యాక్ నంబరు, మాడ్యూల్ స్థానం ఉండాలి. మాడ్యూల్ బయటికి తీసి బల్ల మీద పెట్టాక అంటిద్దామనుకుంటే ఏది మూడోదో, ఏది నాలుగోదో తేలదు. దెబ్బతిన్న ప్యాకులను ఇతర బళ్లకూ, కట్టడాలకూ సుమారు 15 మీటర్ల ఎడంగా ఉంచి, రోజూ ఉష్ణోగ్రత రాయండి. మంటలు కొన్నిసార్లు రోజుల తర్వాత లేస్తాయి.

ప్రశ్న: ప్లాస్టిక్ పార్టులు ఏ రకమో తెలియక అన్నీ ఒకే కుప్పలో వేస్తున్నాం.

జవాబు: పార్టు వెనక్కి తిప్పి చూడండి. రెండు కోణపు గుర్తుల మధ్య పొట్టి అక్షరాలుంటాయి. ‘పీపీ-టీడీ20’ అని ఉంటే అది పాలీప్రొపిలీన్, అందులో 20 శాతం టాల్క్ పొడి కలిపారు. యూరప్ నిబంధనల్లో 100 గ్రాములు దాటిన ప్లాస్టిక్ పార్టు మీద ఈ గుర్తు తప్పనిసరి. తయారీదారులు కలిసి నడిపే ‘ఐడీఐఎస్’ అనే ఉచిత సమాచార వ్యవస్థలో మోడల్ వారీగా ఏ పార్టు ఏ పదార్థమో, ఎలా విప్పాలో ఉంటుంది. ఛాసిస్ నంబరు ఎంట్రీ కాగానే ఆ మోడల్ షీటు బే దగ్గరి తెర మీద వచ్చేలా పెట్టుకుంటే కుప్ప దగ్గర తడుముకోవడం ఉండదు. మొదట బంపర్లతో మొదలుపెట్టండి, పెద్దవి, త్వరగా ఊడతాయి. పెయింట్ వేసినవి, వేయనివి మాత్రం వేరుగా ఉంచాలి.

ప్రశ్న: ఇవన్నీ బ్లాక్‌చెయిన్‌లో పెడితే మోసం ఉండదంటున్నారు కదా?

జవాబు: రాసినదాన్ని మార్చకుండా అది ఆపుతుంది. అబద్ధం రాయకుండా ఆపలేదు. తీయని గ్యాస్‌ను ‘తీశాం’ అని రాస్తే ఆ అబద్ధం పదిలంగా ఉండిపోతుంది. యార్డు ఒకటే అయితే, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో నమోదయ్యే మామూలు డేటాబేస్ చాలు. ఆ ఖర్చును కాటాల మీద పెట్టండి.

ప్రశ్న: దేశం మొత్తం మీద ఇలా జాడ పట్టే వ్యవస్థ ఎక్కడైనా నడుస్తోందా?

జవాబు: జపాన్‌లో నడుస్తోంది. 2005 జనవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం యజమాని రీసైక్లింగ్ రుసుము ముందే కడతాడు. ఏసీ గ్యాస్, ఎయిర్‌బ్యాగులు, ష్రెడ్డర్ వ్యర్థం, ఈ మూడింటి బాధ్యత తయారీదారులది. బండి చేతులు మారిన ప్రతిసారీ ఇచ్చినవారూ, తీసుకున్నవారూ ఇద్దరూ ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. ఒకరు రాసి రెండోవారు రాయకపోతే గడువు దాటగానే వ్యవస్థే ఎత్తిచూపుతుంది. మీ యార్డులో కూడా ఇలాంటి రెండు చేతుల నమోదే పెట్టుకోండి.

దీనికి భిన్నంగా యూరప్‌లో ఏటా సుమారు 35 లక్షల వాహనాలు లెక్కకు అందకుండా పోతున్నాయని యూరోపియన్ కమిషనే ఒప్పుకుంది. రిజిస్ట్రేషన్ పుస్తకం ఒకరిది, తుక్కు పుస్తకం ఇంకొకరిది కావడం అందుకు పెద్ద కారణం.

ప్రశ్న: నేను యార్డు మనిషిని కాను, కారు యజమానిని. పాత కారు అప్పగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు: ముందు కారులో మిగిలిన మీ సమాచారం తుడిచేయండి. తెర మీద సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాలి. ఫోన్ కాంటాక్టులు, ఇంటి చిరునామా, వెళ్లిన దారులు అందులోనే ఉంటాయి. కారును ఫోన్ యాప్‌తో కలిపి ఉంటే యాప్‌లోంచి కూడా తీసేయండి, లేకపోతే విప్పిన కంట్రోల్ యూనిట్ కొన్నవారి బండి మీ ఫోన్‌లో కనిపించవచ్చు. ఇవన్నీ 12 వోల్టుల బ్యాటరీ పనిచేస్తుండగానే, టో ట్రక్కు రాకముందే చేయాలి.

తర్వాత బండిని తుక్కు చేసినట్టు ధ్రువపత్రం తీసుకోండి. డబ్బు ముట్టిన రసీదు దానికి బదులు కాదు. ఆ పత్రంలోని 17 అక్షరాలనూ రిజిస్ట్రేషన్ పత్రంతో పక్కపక్కన పెట్టి, వేలు పెట్టి ఒక్కొక్కటే చదవండి. 8కీ, ఇంగ్లిష్ బీకీ మధ్య తేడా పడితే రిజిస్ట్రేషన్ రద్దు ఆగిపోతుంది, రికార్డుల్లో కారు మీ పేరు మీదే ఉంటుంది.